చెట్టెక్కిన పెట్ట

బంగారుపాళ్యం,
ఆగస్టు 11.

చిరంజీవి హేమశ్రీకి, మీ నాయన చిన్నబ్బ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, అమ్మ, ఆవు, దూడ, కుక్క రాజుగాడు, కోళ్ళు, అందరమూ బాగున్నాము. నువ్వూ అల్లుడు మునిప్రసాదూ బాగుండాలని రోజూ కొండ దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంటున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వుకుంటావేమో. పోస్టాఫీసులో అమ్మాయి కూడా నవ్వింది. ఏం చేయాలమ్మా? నువ్వు ఫోన్ చేస్తే నాకు గుయ్యిమనే చప్పుడు తప్ప నీ గొంతు దొరకదు. అమ్మ పావుగంట మాట్లాడి పెట్టేసి, "బాగుండాదంట" అని ఒక్క మాట నా చెవిలో అరుస్తుంది. పావుగంటకు ఒక్క మాటా! నువ్వు కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే లోకమంతా ఈల వేస్తున్నట్టు ఉంటుంది. చెమ్మ తగలకుండా దాన్ని బియ్యం డబ్బాలో భద్రంగా దాచాను. నా ఐదో తరగతి చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. నేను రాస్తాను, నువ్వు చదువుతావు. మధ్యలో అమ్మ కత్తిరింపులు ఉండవు.

ఇంక అసలు సంగతి. మన నల్లపెట్ట పొదుగుడుకు వచ్చింది. గుడ్లన్నీ అమ్మ ఎప్పటికప్పుడు తీసేసింది కదా, అయినా అది పోయి ఉత్త గంపలో, వడ్ల పొట్టు మీద కూర్చుంది. మేత లేదు, నీళ్ళు లేవు. పొదుగుడు వదలాలని అమ్మ దాన్ని రెండుసార్లు తొట్టి నీళ్ళలో ముంచింది. ముక్కులో ఈక గుచ్చింది. ఆ ఈక ఊగుతూ ఉండగానే మళ్ళీ పోయి గంపలో కూర్చుంది. "ఏముండాదని కూకున్నావే ఆడ? ఏం మొండి జల్మమబ్బా!" అని అమ్మ తిట్టింది. అమ్మ తిట్లు మాత్రం నాకు మిషను లేకుండానే వినిపిస్తాయి.

మొన్న మామిడితోపులో కలుపు దున్నించినాము. ట్రాక్టరు పోయి గట్టు పక్కనున్న పొదను కొట్టేసింది. వెనక నడుస్తున్న నాకు మట్టిలో నాలుగు గుడ్లు కనిపించాయి. ఎంతెంత గుడ్లనుకున్నావు! కోడిగుడ్డుకు రెండింతలు. ఇవి మన పక్కింటి జయరామ్ వాళ్ళ టర్కీ కోళ్ళవే అనుకున్నాను. అవి ఎప్పుడూ మన తోపులోనే కదా తిరుగుతుండేవి. గూడు పోయినాక తల్లి రాదు. తుండుగుడ్డలో కట్టుకొని తెచ్చి, సాయంత్రం మెల్లగా పెట్ట కిందికి తోశాను. అది నన్ను పొడవలేదమ్మా! ఒకసారి లేచి, ముక్కుతో గుడ్లను లోపలికి దొర్లించుకొని, రెక్కలు పరిచి కూర్చుంది. అబ్బబ్బ, ఆ కూర్చోవడం నువ్వు చూడాల్సింది.

నువ్వెప్పుడు వస్తావు? రేణిగుంటేమన్నా రామేశ్వరమా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు. మీ చిన్నమ్మ వాళ్ళ యోగానంద కొడుక్కి చెవులు కుట్టించినప్పుడు వచ్చినదానివే, ఏడాది దాటిపోయింది. నీ పరుపు అమ్మ మొన్న కూడా ఎండేసింది.

నీ నాయన,
చిన్నబ్బ


రేణిగుంట,
ఆగస్టు 24.

నాయనకు,

నీ ఉత్తరం అందింది. మేము బాగున్నాము. ఫ్యాక్టరీలో పండగల ముందు పని ఎక్కువ. సెలవు అడిగితే ముఖం చిట్లిస్తున్నారు. ఆయనకు గోడౌన్‌లో రాత్రి డ్యూటీలు. ఇప్పట్లో రావడం కుదరదు, ఏమీ అనుకోవద్దు.

పెట్టను నీళ్ళలో ముంచొద్దని అమ్మకు చెప్పు. ముక్కులో ఈక కూడా గుచ్చొద్దు. దాని దారిన దాన్ని కూర్చోనివ్వండి.

నాయనా, ఒకటి అడుగుతాను. అవి తన గుడ్లు కావని పెట్టకు తెలియదా?

మందులు వేళకు వేసుకో.

హేమ


బంగారుపాళ్యం,
సెప్టెంబరు 14.

అమ్మణ్ణీ హేమా,

మూడు పిల్లలమ్మా! మూడు! ఒక గుడ్డు మురిగిపోయింది. మూడు వారాలు దాటినా గుడ్లు పగలకపోతే అమ్మ, "అన్నీ మురిగినాయి, తీసి దిబ్బలో పారెయ్" అన్నది. నేను గంప దగ్గరే మంచం వేసుకున్నాను. ఇంకో వారానికి పెట్ట కడుపు కింద నుంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. నేను అరిచిన అరుపుకు రాజుగాడు గొలుసు తెంపుకున్నాడు!

అయితే తమాషా విను. పిల్లలు చూస్తే కాళ్ళు పొడుగు, మెడ పొడుగు. వారం తిరక్కుండానే ఎగిరి తొట్టి అంచు మీద కూర్చున్నాయి. టర్కీ పిల్లలు ఇంత జోరుగా ఉంటాయా అని జయరామ్‌ను పిలిచి చూపించి, "నీవే అబ్బా, తీసుకోనిపో" అన్నాను. వాడు కడుపు పట్టుకొని నవ్వి, నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "నా టర్కీలు ఇంగ యాడుండాయి చిన్నబ్బన్నా? పోయిన దసరాకే కోసేస్తిమి గదా! నువ్వు రెండు ముక్కలు ఎక్కువే ఏపిచ్చుకొని తింటివి, మర్సిపోయినావా? ఇవి నెమలి పిల్లలప్పా! ఫారెస్టోళ్ళు సూసినారంటే జైలే నీకు. ఆడ గంట కొట్టినా నీకు వినపడదు, కూడు గూడా దొరకదు!"

గబగబా పోయి గేటు మూసొచ్చాను. అమ్మ ఊరుకుంటుందా? "నెమలికీ టర్కీకీ తేడా తెలీని మొగోడు మామిడితోపు సేద్యం జేస్తాన్నాడు" అని వీధి వీధంతా వినిపించింది. చివరకు జయరామే ఫోన్ చేసి ఫారెస్టు అబ్బాయిని పిలిపించాడు. మంచి పిల్లవాడు. నాకు వినపడదని తెలుసుకొని చేతులతో చెప్పాడు. మూయొద్దు, కట్టొద్దు, పెట్ట వెంట తిరగనీ, ఎగిరిపోయే రోజు ఎగిరిపోనీ అని. నేను రెండు చేతులూ జోడించాను.

ఇప్పుడు అమ్మను చూడాలి నువ్వు! పాత కుండలో పేడా గడ్డీ కుక్కి తోపులో బోర్లించి, పొద్దునకు చెదలు పట్టించి తెస్తోంది. ఆ చెదల కోసం మూడూ అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకొని తిరుగుతున్నాయి. తిట్టిన నోటితోనే పేర్లు కూడా పెట్టింది: రాణి, మంత్రి, బంటు.

నువ్వు అడిగిన దానికి జవాబు. తెలుసో తెలియదో పెట్టనే అడగాలి. నేను చూసింది చెప్తాను. పుట్టిన రోజు అది తల ఒకపక్కకు వంచి ఒక్కొక్కదాన్నీ చాలాసేపు చూసింది. నిజం చెప్తున్నా, చాలాసేపు. తర్వాత నూక గింజను ముక్కుతో తీసి, వాటి ముందు వేసింది.

దసరాకైనా రా తల్లీ. నెమళ్ళు ఉండేది ఇంకెన్నాళ్ళో. మీ ఇద్దరి కోసం ఇంటి ముందు పందిరి కింద మంచం వేసి పెడతాను.

నీ నాయన


రేణిగుంట,
అక్టోబరు 9.

నాయనకు,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. టర్కీ ముక్కల దగ్గర ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత పెట్ట తల వంచి చూసిందని రాశావే, అది ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

వీధిలోవాళ్ళు దాన్ని చూసి ఏమంటున్నారు? ఎవరి పిల్లలనో వెంట వేసుకొని తిరుగుతోందని నవ్వుతున్నారా? పిల్లలు నడిచేటప్పుడు ఇది తల్లి కాదని తెలిసిపోతుందా? జయరామన్న ఏమన్నా అంటే నీకు వినపడదు కాబట్టి, అమ్మను అడిగి రాయి.

దసరాకు రాలేము. నీకొక సంగతి చెప్పాలి నాయనా. రాద్దామని కూర్చుంటాను, కోడి సంగతి రాసి లేస్తాను. ఒంట్లో బాగానే ఉంది, మా ఇద్దరి మధ్యా బాగానే ఉంది, భయపడకు. చెప్పే ధైర్యం వచ్చినప్పుడు చెప్తాను.

రాజుగాడిని అడిగినట్టు చెప్పు.

హేమ


బంగారుపాళ్యం,
నవంబరు 3.

అమ్మా హేమా,

భయపడకు అని రాస్తే ఏ నాయన భయపడకుండా ఉంటాడమ్మా? నాలుగు రోజులు అన్నం సహించలేదు. అమ్మ చూసి, "సెప్తానని రాసింది గదా, సెప్తాది. తొందర పెట్టొద్దు బిడ్డను" అన్నది. సరే, తొందర పెట్టను. నువ్వు ఏం చెప్పినా నేను ఇక్కడే ఉన్నాను.

వీధిలోవాళ్ళ సంగతి అడిగావు. మొదట్లో నవ్వారు. ఇప్పుడు బస్సు దిగినవాళ్ళు కూడా వచ్చి చూసి పోతున్నారు.

కానీ పెట్టకు కష్టమొచ్చింది. వానలు పడినప్పటి నుంచి మూడూ రాత్రికి గంపలోకి రావడం మానేశాయి. చీకటి పడేసరికి టపటపా ఎగిరి గేటు పక్క మామిడి చెట్టు ఎక్కుతున్నాయి. నెమలి జాతి కదా, నేల మీద పడుకోవు. పెట్ట కింద నిలబడి మెడ పైకెత్తి పిలుస్తుంది. నాకు ఆ పిలుపు వినపడదు. గొంతు కదలడం మాత్రం కనిపిస్తుంది. ముసురులో తడుస్తూ అట్లాగే నిలబడుతుంది. నేను గొడుగు పట్టుకొని దాని పక్కన ఒక రాయి మీద కూర్చుంటాను. పైన ఆకుల్లో మూడు మెడలు కనిపిస్తాయి. మా ఇద్దరికీ అంతకంటే పైకి పోవడం చేతకాదు.

చీకటి బాగా పడినాక దాన్ని చంకలో పెట్టుకొని గంపలో మూస్తాను. గుండె ఎట్లా కొట్టుకుంటుందో, నా చేతికి తెలుస్తుంది.

రాయమ్మా.

నీ నాయన


రేణిగుంట,
నవంబరు 22.

నాయనా,

ఈసారి కోడి సంగతి రాయను.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పాప ఉంది. పేరు వేదిక. నాలుగేళ్ళు. శిశుగృహ నుంచి తెచ్చుకున్నాము, దత్తతకు. దత్తతకు పేరు రాయించుకొని మూడేళ్ళుగా ఎదురు చూశాము. ఇల్లు చూడడానికి మనుషులు వచ్చారు, ప్రశ్నలు వేశారు, పోయారు. చివరకు పోయిన నెల పాపను మా చేతికిచ్చారు. మొదటి వారం అది ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం ముద్ద పెడితే సగం తిని, సగం గుప్పిట్లో దాచుకునేది. ఇప్పుడు దాచుకోవడం లేదు.

ఇన్నాళ్ళూ నీ దగ్గర ఎందుకు దాచానని అడుగుతావు. యోగానంద కొడుక్కి చెవులు కుట్టించిన రోజు గుర్తుందా? పిల్లవాడు మేనమామ ఒళ్ళో కూర్చోకుండా ఒకటే ఏడుపు. నేను ఎత్తుకుంటే ఊరుకున్నాడు, నా భుజం మీద తల పెట్టాడు. చిన్నమ్మ వచ్చి పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంది. "నువ్వొద్దులేమ్మా. మంచి పని జరిగేటప్పుడు బిడ్డలు లేనోళ్ళ చేతుల్లో ఎందుకు?" అన్నది. అందరి ముందరా. మెల్లగా కూడా కాదు.

నువ్వు నా పక్కనే ఉన్నావు నాయనా. అరటిపండ్లు పంచుతున్నావు. నీకు వినపడలేదు. చిన్నమ్మ నీ వైపు చూస్తే, ఏదో శుభం మాట అనుకొని నవ్వి తల ఊపావు.

నీ తప్పు లేదు. నాకు తెలుసు. కానీ ఆ నవ్వు నాతోపాటు బస్సెక్కింది. ఇంటికి రావాలని ప్రతి ఆదివారం అనిపిస్తుంది. మన గేటు, పందిరి కింద నీ మంచం, అమ్మ పులుసు వాసన, అన్నీ కళ్ళకు కడతాయి. ఆ వీధి గుర్తుకొస్తే కాలు కదలదు. నన్ను అన్నారు, పోనీ. ఈ పాపను చూసి "ఎవరి బిడ్డో" అంటే నేను తట్టుకోలేను.

నీకూ అమ్మకూ ఇష్టమైతే రాయి. ఇష్టం లేకపోతే, ఆ మాట రాయొద్దు నాయనా. ఎప్పటిలాగా కోడి సంగతే రాయి. నేను అర్థం చేసుకుంటాను.

హేమ


బంగారుపాళ్యం,
నవంబరు 28.

అమ్మా హేమా,

ముందు పెట్ట సంగతి రాయాలి. అమ్మ పక్కన నిలబడి, "నీకు బుద్ధుండాదా? బిడ్డ ఆడ అల్లాడతా ఉంటాది, ముందు ఆ మాట రాయ్" అని నా భుజం గుద్దుతోంది. గుద్దనీ. రెండూ ఒక రోజే జరిగాయి, వరసగా రాస్తేనే నాకు వస్తుంది.

నీ ఉత్తరం సాయంత్రం వచ్చింది. చదివి, గేటు పక్క రాయి మీద కూర్చున్నాను. చీకటి పడుతోంది. పిల్లలు మూడూ చెట్టెక్కాయి. పెట్ట ఎప్పటిలాగే వచ్చి నిలబడి పిలిచింది. తర్వాత ఏమనుకుందో ఏమో, కట్టెల మోపు మీదికి ఎగిరింది. అక్కడి నుంచి గోడ మీదికి. గోడ మీద నుంచి కొమ్మకు ఎగరబోయి కింద పడింది. లేచింది. మళ్ళీ కట్టెల మోపు, మళ్ళీ గోడ. మళ్ళీ పడింది. ఎత్తి పెడదామని నేను లేవబోయాను, అంతలోనే ఎగిరింది. కొమ్మను పట్టుకుందమ్మా! కిందా మీదా పడి, ఊగి, నిలబడింది. మెల్లమెల్లగా జరిగి పిల్లల మధ్యకు పోయింది. అవి దానికంటే పెద్దవైపోయాయి, ఒక్కదాన్ని కూడా కప్పలేదు. అయినా రెక్క చాచింది.

నా ఇంట్లో ఇన్నేళ్ళలో చెట్టెక్కి పడుకున్న పెట్టను నేను చూడలేదు.

అప్పుడు లోపలికి పోయి అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చిన్నమ్మ మాట దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తనకు ఆ రోజే తెలుసట. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "సెప్తే ఏం జేస్తావు? వాళ్ళింటి మీదికి పోతావు. వాళ్ళ మాట నీకు వినపడదు, నీ అరుపు ఊరంతా వినపడతాది" అన్నది. నిజమే. కానీ ఈ ఊళ్ళో ఆ మాట వినపడనివాణ్ణి నేనొక్కణ్ణే, నా బిడ్డ పక్కన నిలబడి నవ్వినవాణ్ణీ నేనొక్కణ్ణే.

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మిషను తీశాను. పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈల వేస్తోంది. వేయనీ. ఇక నీ పక్కన ఎవరేమన్నా నాకు వినపడాలి.

ఇప్పుడు ఆ మాట. అమ్మా, నాకు మనవరాలు! నాలుగేళ్ళ మనవరాలు! పొద్దున ఆవుకు బెల్లం పెట్టాను. రాజుగాడికి చెప్పాను. జయరామ్‌కు చెప్తే వాడు "ఎవురి బిడ్డన్నా?" అన్నాడు. అమ్మ నాకంటే ముందే అందుకొని, "మా హేమ బిడ్డ. ఇంగేం గావాల నీకు?" అన్నది. మిషను పెట్టుకున్నాను కాబట్టి రెండు మాటలూ నేను విన్నాను. వాడు కాసేపు తల గోక్కొని, "అయితే నెమలిని సూపీయాల గదా పాపకి" అన్నాడు.

నువ్వు రావద్దులేమ్మా. ఆ వీధి నీకు బరువైతే రావద్దు. మేమే వస్తాము. బస్సు నంబరు జయరామ్ చీటీ మీద రాసిచ్చాడు.

ఒక్క మాట. పాపకు చెవులు కుట్టించారా? కుట్టించి ఉంటే సరే. లేకపోతే మాత్రం అక్కడ ఏ అంగట్లోనూ కుట్టించొద్దు. దానికి మేనమామ లేడు, నా ఒళ్ళు ఉంది. ఇక్కడ, మన పందిరి కింద, అందరూ చూస్తుండగా కుట్టించాలి. చిన్నమ్మను నేనే పోయి పిలుస్తాను. పాప ఏడిస్తే నువ్వే ఎత్తుకుంటావు.

మీ నాయన


రేణిగుంట,
డిసెంబరు 16.

నాయనకు,

మీరు క్షేమంగా ఇల్లు చేరారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకు ఏమని అరిచి చెప్పిందో తెలియదు కాబట్టి నేను రాస్తున్నాను.

మీరు వచ్చినప్పుడు వేదిక తలుపు వెనక దాక్కుంది కదా. నేను పిలిస్తే రాలేదు, ఆయన పిలిస్తే రాలేదు. నువ్వు పిలవనే లేదు. కింద కూర్చొని, తుండుగుడ్డ విప్పి, బంటుగాడు రాల్చిన ఈకను నేల మీద పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నావు. నువ్వట్లా ఎంతసేపు కూర్చున్నావో నీకు తెలియదు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. పులుసు మాడింది.

ఈక ఇప్పుడు దాని దిండు కింద ఉంది. పెట్ట గోడ మీది నుంచి పడిన కథ రోజూ చెప్పమంటుంది. "మళ్ళీ ఎగిరిందా?" అని ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. నెమళ్ళు ఎగిరిపోకముందే చూడాలట. ఎగిరిపోతే పెట్ట కింద ఒక్కటే ఉంటుంది కదా అని దిగులు పడుతోంది.

చెవులు కుట్టించలేదు నాయనా.

నువ్వు బయలుదేరేటప్పుడు అది నీ మెడ పట్టుకొని చెవిలో ఏదో చెప్పింది చూడు. దాని బుగ్గ తగలగానే మిషను గట్టిగా ఈల వేసింది. తాత చెవిలో పిట్ట ఉందని అది సంబరపడింది. నువ్వు నవ్వి తల ఊపావు. బస్సు కదిలినాక నాతో, "తాతకి వినపడలే. ఊరికినే నవ్వినాడు" అంది.

ఏం చెప్పావే అని అడిగాను. నాకు చెప్పదట, తాతకే చెప్తుందట.

ఆదివారం పొద్దున బస్సుకు ముగ్గురం వస్తున్నాము. మిషను పెట్టుకో నాయనా. పిట్ట అరిచినా ఫరవాలేదట. నీకు వినపడేదాకా చెప్తుందట.

హేమ